రైలు పెట్టిన పేరు: చౌరీచౌరా

2022 డిసెంబరు చివరి వారంలో, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం పంపిన పేరు మార్పు ప్రతిపాదనలు రెండింటికి తనకు అభ్యంతరం లేదని కేంద్ర హోం మంత్రిత్వ శాఖ తెలియజేసింది. వాటిలో ఒకటి గోరఖ్‌పూర్ జిల్లాలోని ముండేరా బజార్ నగర పంచాయతీకి సంబంధించినది. ఇకమీదట ఆ ఊరి పేరు చౌరీచౌరా. అలహాబాదు, ఫైజాబాదు పేర్లు మారినప్పుడు దేశమంతటా వాదోపవాదాలు చెలరేగాయి. ముండేరా బజార్ విషయంలో అటువంటి అలజడి ఏదీ కలగలేదు. చౌరీచౌరా అన్న పేరు ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉన్నది. ముండేరా బజార్ పేరు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. పేరున్న దాని కోసం పేరులేనిది తప్పుకోవడం లోకానికి సహజంగానే తోచింది.

అయితే 1922 ఫిబ్రవరి 4న రెండు వేల మందికి పైగా రైతులు, కూలీలు కదిలి వెళ్లదలచుకున్నది చౌరీచౌరాకు కాదు, ముండేరా బజారుకే. దారిలో ఠాణా అడ్డువచ్చింది. ఆ ఠాణా దగ్గర జరిగినది దేశ చరిత్రను మలుపు తిప్పింది. వారు బజారుకు ఎందుకు బయలుదేరారన్న ప్రశ్న మాత్రం ఆనాటి మంటల పొగలోనే మరుగున పడిపోయింది. నూరేళ్ల తరువాత ఆ బజారు పేరు కూడా మరుగున పడింది.

అసలు చౌరీచౌరా అనే ఊరు మొదట లేదు. చౌరీ ఒక పల్లె, చౌరా మరొక పల్లె. 1885లో గోరఖ్‌పూర్ నుంచి తూర్పుగా దేవరియా వైపు రైలుమార్గం పడినప్పుడు, గోరఖ్‌పూర్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలో ఒక స్టేషను కట్టారు. దానికి ఒక పేరు కావలసి వచ్చింది. రైల్వే అధికారులు రెండు పల్లెల పేర్లను జతకలిపి పలకమీద రాశారు. ఆ విధంగా జనం నోట పుట్టని పేరు ఒకటి, రైలు టిక్కెట్ల ద్వారా, సరుకుల రసీదుల ద్వారా వాడుకలోకి వచ్చింది. స్టేషను వచ్చాక చుట్టూ వ్యాపారం పెరిగింది. ముండేరాలో ధాన్యం, పప్పులు, బెల్లం అమ్మే బజారు బలపడింది. సమీపంలోని భోపా తోళ్ల వ్యాపారానికి కేంద్రమైంది. చౌరాలో ఠాణా ఉన్నది. స్టేషను, ఠాణా, బజారు: వలస పాలనలో ఒక గ్రామీణ పట్టణం ఎదగడానికి ఈ మూడూ చాలు.

భూమి ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం 1857లో ఉన్నది. పంజాబు నుంచి బహిష్కృతుడై కాశీలో కాలం గడుపుతున్న సూరత్ సింగ్ మజీఠియా, ఆ తిరుగుబాటు సమయంలో బ్రిటిషువారికి అండగా నిలిచాడు. అందుకు ప్రతిఫలంగా గోరఖ్‌పూర్ జిల్లాలో డుమ్రీ జాగీరు లభించింది. ఆయన కుటుంబమే తరువాతి కాలంలో సమీపంలోని సర్దార్‌నగర్‌లో సరయా చక్కెర మిల్లును నెలకొల్పింది. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ ఆయనకు మనుమరాలు. ఆమె తన చివరి సంవత్సరాలలో ఎక్కువ కాలం ఈ సరయా ఎస్టేటులోనే గడిపి, ఇక్కడి పల్లె స్త్రీలను, ఏనుగులను, మధ్యాహ్నపు విశ్రాంతిని చిత్రించింది. ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఆమె చిత్రాలను చూసేవారిలో, ఆ నేల చౌరీచౌరాకు కూతవేటు దూరమని ఎరిగినవారు అరుదు. ఆ చిత్రాలకూ చౌరీచౌరా మంటలకూ మధ్య రెండు దశాబ్దాల కాలం కూడా లేదు. ఒక రాజ్యానికి చేసిన సేవకు బహుమానంగా దక్కిన భూమిమీద, అదే రాజ్యపు ఠాణా నీడలో, అహీర్లు, పాసీలు, భర్లు, కహార్లు, చమార్లు, ముస్లిం చేతివృత్తులవారు కౌలుకూ కూలికీ బతికారు. చౌరీచౌరా కథలోని పాత్రధారులు వీరే.

1921 ఫిబ్రవరి 8న గాంధీజీ గోరఖ్‌పూర్ వచ్చారు. లక్షకు పైగా జనం హాజరయ్యారు. ఆ రాకకు ముందూ వెనుకా జిల్లా అంతటా ఆయన మహిమలను గురించిన వదంతులు పాకాయి. గాంధీని నిందించినవాడి ఇంట కీడు జరిగిందని, ఆయనకు మొక్కుకున్నవాడి పోయిన సొమ్ము తిరిగి దొరికిందని ప్రజలు చెప్పుకున్నారు. స్థానిక పత్రిక ‘స్వదేశ్’ అటువంటి కథలను అచ్చువేసింది. చరిత్రకారుడు షాహిద్ అమీన్ ఆ కథలను శ్రద్ధగా పరిశీలించి, రైతులు గాంధీని కాంగ్రెసు ఇచ్చిన రూపంలో యథాతథంగా స్వీకరించలేదని, తమ నమ్మకాలకూ అవసరాలకూ అనుగుణంగా ఒక గాంధీని మలచుకున్నారని 1984లో ప్రచురించిన వ్యాసంలో నిరూపించాడు. ఆ రైతుల దృష్టిలో స్వరాజ్యం అంటే చట్టసభల సంస్కరణ కాదు. పన్ను తగ్గడం, జమీందారు మనుషుల దౌర్జన్యం ఆగడం, బజారులో ధర న్యాయంగా ఉండడం.

1922 జనవరిలో ఛోట్కీ డుమ్రీ గ్రామంలో స్వచ్ఛంద సేవకుల దళం ఏర్పడింది. గోరఖ్‌పూర్ నుంచి కాంగ్రెసు, ఖిలాఫత్ సంఘాల ప్రతినిధి వచ్చి ప్రతిజ్ఞాపత్రాలు నింపించాడు. లాల్ మహమ్మద్, నజర్ అలీ వంటి స్థానికులు ముందుండి నడిపించారు. వాలంటీరు అన్న ఆంగ్ల పదం ఆ పల్లె నాలుకమీద ‘ఓటియార్’ అయింది. కావిరంగు గుడ్డ ధరించి, ఇంటింటా పిడికెడు గింజలు యాచించి, ఊరేగింపుగా తిరిగేవారే ఓటియార్లు. సాధువు వేషమూ, సిపాయి క్రమశిక్షణా వారిలో కలిసిపోయాయి.

ఫిబ్రవరి 1న ఈ సేవకులు ముండేరా బజారులో పికెటింగుకు పూనుకున్నారు. మాంసం, చేపల ధరలు తగ్గించాలని, మద్యం అమ్మకం ఆపాలని వారు కోరారు. ఠాణేదారు గుప్తేశ్వర్ సింగ్ వారిని కొట్టించి తరిమాడు. దెబ్బలు తిన్నవారిలో భగవాన్ అహీర్ ఒకడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు సైన్యం తరఫున మెసొపొటేమియాకు వెళ్లివచ్చి, సర్కారు పింఛను పొందుతున్న మాజీ సైనికుడు. సామ్రాజ్యం కోసం పరదేశంలో ప్రాణాలకు తెగించినవాడిని, సొంత ఊరి బజారులో ఆ సామ్రాజ్యపు పోలీసే కొట్టాడు. ఫిబ్రవరి 4న డుమ్రీలో సమావేశమైన జనం ఠాణేదారును నిలదీసి, ఆపైన బజారుకు వెళ్లి పికెటింగు చేయాలని తీర్మానించుకోవడానికి ఆ దెబ్బలే తక్షణ కారణం.

ఆ మధ్యాహ్నం ఊరేగింపు ఠాణాను సమీపించింది. మాటల యుద్ధం ముగిసి కొంతమంది ముందుకు సాగిపోయాక, పోలీసులు వెనుకనున్నవారిపై చేయి చేసుకున్నారు. రైలు పట్టాల మీది కంకర రాళ్లు గాలిలోకి లేచాయి. పోలీసులు మొదట గాలిలోకి కాల్చారు. ఎవరికీ గాయం కాకపోవడంతో, గాంధీజీ మహిమవల్ల తూటాలు నీళ్లయిపోయాయని గుంపులో కేక లేచింది. తరువాతి కాల్పులలో ముగ్గురు మరణించారు. తూటాలు నీళ్లు కావని తేలిన క్షణాన భయం కోపంగా మారింది. పోలీసులు ఠాణాలోకి వెళ్లి తలుపులు మూసుకున్నారు. జనం దానికి నిప్పుపెట్టారు. బయటికి పరుగెత్తినవారినీ వదలలేదు. మరణించిన పోలీసులు, చౌకీదార్లు 22 మంది అని కొన్ని లెక్కలు, 23 మంది అని మరికొన్ని లెక్కలు చెబుతాయి. వారంతా భారతీయులే. వారిలో చౌకీదార్లు చుట్టుపక్కల పల్లెల పేదలే. ఈ వాస్తవాన్ని పక్కనపెట్టి చౌరీచౌరాను కీర్తించడం ఎంత అసమగ్రమో, ముందు జరిగిన దెబ్బలనూ కాల్పులనూ పక్కనపెట్టి దానిని ఖండించడం అంతే అసమగ్రం.

గుజరాత్‌లోని బార్డోలీలో పన్నుల నిరాకరణకు సిద్ధమవుతున్న గాంధీజీకి వార్త అందింది. ఫిబ్రవరి 12న కాంగ్రెసు కార్యవర్గం అక్కడే సమావేశమై సామూహిక శాసనోల్లంఘనను నిలిపివేసింది. గాంధీజీ ఐదు రోజుల ఉపవాసం పాటించారు. జైళ్లలో ఉన్న మోతీలాల్ నెహ్రూ, లజపతిరాయ్ వంటి నాయకులు ఎక్కడో ఒక మారుమూల జరిగిన దానికి దేశమంతటినీ శిక్షించడమేమిటని ఆవేదన చెందారు. మార్చి 10న గాంధీజీ అరెస్టయ్యారు. అహమదాబాదు న్యాయస్థానంలో చౌరీచౌరా బాధ్యతను కూడా తనమీద వేసుకుని ఆరేళ్ల శిక్షను స్వీకరించారు.

ఆ తీర్మానం ప్రభావం తెలుగునాటనూ పడింది. గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన రైతులు శిస్తు కట్టడం మానేసి, ప్రభుత్వాన్ని కొన్ని వారాలపాటు ఇరకాటంలో పెట్టారు. ఆ ఉద్యమంపై గాంధీజీకి ముందునుంచీ సందేహాలున్నాయి. బార్డోలీ నిర్ణయంతో అది ముగిసిపోయింది. అదే సంవత్సరం ఆగస్టులో మన్యంలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడిచేసి తుపాకులు పట్టుకుపోయాడు. సహాయ నిరాకరణ స్ఫూర్తితో ప్రజాజీవితంలోకి వచ్చిన యువకుడు, ఆ ఉద్యమం ఆగిపోయిన ఆరు నెలలకే ఆయుధం చేపట్టాడు. పల్లెల్లో రాజ్యానికి ముఖం ఠాణాయే అన్న సత్యం గంగా మైదానంలోనూ తూర్పు కనుమలలోనూ ఒక్కటే.

గత నూరేళ్లుగా చౌరీచౌరా పేరుమీద సాగిన చర్చ నిజానికి బార్డోలీని గురించిన చర్చ. గాంధీజీ చేసినది ఒప్పా తప్పా, ఆపకపోయి ఉంటే ఏమై ఉండేది, అహింస నైతిక నియమమా లేక వ్యూహమా? ఈ ప్రశ్నలు విలువైనవే. కానీ వాటిలో చౌరీచౌరా ప్రజలకు స్థానం లేదు. వారు కేవలం ఒక కారణం, ఒక ఉదాహరణ, ఒక హెచ్చరిక. నాయకుల నిర్ణయాన్ని సమర్థించేవారికీ విమర్శించేవారికీ ఆ ఊరితో పని లేకపోయింది.

ఊరికి మాత్రం మరో చరిత్ర మొదలైంది. పోలీసులు పల్లెలమీద పడ్డారు. సేవకుల ప్రతిజ్ఞాపత్రాలే నిందితుల జాబితాకు ఆధారమయ్యాయి. దళ నాయకులలో ఒకడైన మీర్ షికారీ అప్రూవరుగా మారాడు. దాదాపు 225 మంది విచారణను ఎదుర్కొన్నారు. 1923 జనవరిలో గోరఖ్‌పూర్ సెషన్స్ న్యాయస్థానం వారిలో 172 మందికి మరణశిక్ష విధించింది. ఒక్క ఘటనకు అంతమందికి ఉరి విధించడం దేశాన్ని నివ్వెరపరచింది. న్యాయవాద వృత్తిని విడిచి ఏళ్లు గడిచిన మదన్ మోహన్ మాలవీయ మళ్లీ గౌను ధరించి అలహాబాదు హైకోర్టులో వారి తరఫున వాదించారు. ఏప్రిల్‌లో హైకోర్టు 19 మంది ఉరిని ఖాయపరచి, 110 మందికి యావజ్జీవం విధించింది. జూలైలో ఆ 19 మందినీ వేర్వేరు జైళ్లలో ఉరితీశారు. వారిలో భగవాన్ అహీర్, నజర్ అలీ, లాల్ మహమ్మద్, అబ్దుల్లా, సంపత్ పాసీ, సంపత్ చమార్, దూధీ భర్, కాళీచరణ్ కహార్ ఉన్నారు. హిందువులూ ముస్లిములూ, దళితులూ వెనుకబడిన కులాలవారూ ఒకే జాబితాలో నిలిచిన సందర్భాలు జాతీయోద్యమ చరిత్రలో ఎక్కువగా కనిపించవు.

గాంధీ పేరున కదిలినవారు గాంధీ అనుయాయులుగా గుర్తింపు పొందలేదు. విప్లవకారుల జాబితాలోనూ చేరలేదు. వారికి సంస్థ లేదు, సిద్ధాంత పత్రం లేదు, జైలునుంచి రాసిన ఆత్మకథలు లేవు. వారి మాటలుగా మిగిలినవి పోలీసు వాంగ్మూలాలు, న్యాయస్థానపు సాక్ష్యాలు మాత్రమే. ఆ లోటును పూరించడానికి షాహిద్ అమీన్ ఆ గ్రామాలకు వెళ్లి, నిందితుల కుటుంబాలతో మాట్లాడి, 1995లో ‘ఈవెంట్, మెటఫర్, మెమొరీ’ గ్రంథాన్ని ప్రచురించాడు. జైలుకు వెళ్లిన ఒక ఓటియారు భార్య నౌజాదీ పాసిన్ చెప్పిన జ్ఞాపకాలు అందులో ప్రముఖమైనవి. ఆమె కథనం న్యాయస్థానపు తీర్పుతోనూ, జాతీయోద్యమ చరిత్రతోనూ పూర్తిగా కలవదు. అందులో తేదీలకన్నా మనుషులు, వాదాలకన్నా ఆకలి, వేషం, భిక్ష, దెబ్బలు కనిపిస్తాయి. గ్రామ స్మృతికీ దేశ స్మృతికీ మధ్యనున్న దూరం ఆ వృద్ధురాలి మాటలలో తెలుస్తుంది.

ఆ దూరాన్ని స్మారకాలు మరోవిధంగా చూపుతాయి. మరణించిన పోలీసుల కోసం వలస ప్రభుత్వం ఘటన జరిగిన కొద్దికాలానికే ఠాణా ఆవరణలో స్మారకం నిర్మించింది. ఉరికంబమెక్కినవారికి అటువంటిది రావడానికి అర్ధశతాబ్దం పట్టింది. 1971లో జిల్లా ప్రజలు ఒక స్మారక సమితిని ఏర్పరచుకుని, చందాలు వసూలుచేసి, 1973లో సుమారు 12 మీటర్ల ఎత్తున మూడు పలకల స్తంభం నిలిపారు. మెడకు ఉరితాడుతో వేలాడుతున్న అమరుడి రూపం దాని ప్రతి పలకమీదా ఉన్నది. ఆపైన ప్రభుత్వం మేల్కొన్నది. రైల్వేస్టేషను సమీపంలో జాతీయ స్మారకానికి 1982లో ఇందిరా గాంధీ పునాదిరాయి వేశారు. అది పూర్తయి, 1993లో ప్రధాని పి.వి. నరసింహారావు చేతుల మీదుగా ఆవిష్కృతమైంది. పునాదికీ ఆవిష్కరణకూ మధ్య పదకొండేళ్లు గడిచాయి. ఒకే ఊరిలో చంపబడినవారికీ, చంపారన్న నేరానికి ఉరి పొందినవారికీ వేర్వేరు స్మారకాలు నిలిచి ఉన్నాయి. ప్రపంచంలో ఇటువంటి ఊళ్లు కొద్దిగానే ఉంటాయి. రెండింటినీ కలిపి చదివే వాక్యం మాత్రం ఇంతవరకు ఏ శిలాఫలకం మీదా చెక్కలేదు.

2021 ఫిబ్రవరి 4న శతవార్షికోత్సవాలను ప్రధాని నరేంద్ర మోదీ దృశ్యమాధ్యమం ద్వారా ప్రారంభించి, తపాలా బిళ్ల విడుదల చేశారు. చౌరీచౌరా అమరులకు చరిత్ర పుటలలో దక్కవలసిన స్థానం దక్కలేదని ఆయన అన్నారు. ఆ మాటలో నిజం ఉన్నది. ఆ ఉద్యమంలో రైతుల పాత్రను కూడా ఆయన ప్రస్తావించారు. అదే సమయంలో, సాగు చట్టాలకు వ్యతిరేకంగా వేలాది రైతులు ఢిల్లీ సరిహద్దులలో చలికి వణుకుతూ కూర్చుని ఉన్నారు. వారి దారిలో ముళ్లకంచెలు, ఇనుప మేకులు వెలిశాయి. నూరేళ్ల కిందటి రైతును స్మరించడం సులభం, ఎదుట కూర్చున్న రైతుతో మాట్లాడడం కష్టం. ఈ బలహీనత ఒక్క పార్టీది కాదు. గతంలో కాంగ్రెసు ఈ ఊరిని బార్డోలీ తీర్మానానికి అనుబంధంగా చూసింది. నేటి అధికార పక్షం దానిని కాంగ్రెసు చరిత్రపై ఆరోపణగా చూస్తున్నది. రెండు దృక్పథాలలోనూ ఊరు ఒక వాదానికి సాక్షి మాత్రమే.

నేటి చౌరీచౌరా తాలూకా కేంద్రం. నియోజకవర్గాల పునర్విభజన తరువాత శాసనసభ నియోజకవర్గం కూడా అయింది. బాఁస్‌గావ్ అనే రిజర్వుడు లోక్‌సభ స్థానంలో భాగం. ఊరి పేరున ఒక ఎక్స్‌ప్రెస్ రైలు నడుస్తుంది. చుట్టూ వరి, గోధుమ, చెరకు పొలాలు. ఒకప్పుడు ప్రాంతానికంతటికీ జీవనాధారమైన సరయా చక్కెర మిల్లు మూతపడింది. తూర్పు ఉత్తరప్రదేశ్ పల్లెలన్నింటివలెనే ఇక్కడినుంచి కూడా యువకులు ముంబయి, ఢిల్లీ, గుజరాత్, గల్ఫ్ దేశాలకు రైలెక్కుతారు. పేరు తెచ్చిన స్టేషనే మనుషులను తీసుకుపోతున్నది. ఎన్నికల వేళ యాదవ, నిషాద, దళిత ఓట్ల లెక్కలు సాగుతాయి. ఉరికంబమెక్కినవారి జాబితాలో ఉన్నవీ దాదాపు ఈ కులాల పేర్లే. ఒకనాడు కలిసి నడిచినవారి వారసులను నేటి రాజకీయం విడివిడిగా లెక్కపెడుతున్నది.

పేరు మార్పుతో ముండేరా బజార్ చౌరీచౌరా అయినందుకు చింతించవలసిన పనిలేదు. ఊళ్ల పేర్లు మారుతూనే ఉంటాయి. ఈ పేరు కూడా ఒకనాడు రైల్వే అధికారి కలం నుంచి పుట్టినదే. అయితే 1922లో ముండేరా బజారుకు వెళ్లి అడగదలచుకున్నవి రెండే మాటలు: పేదవాడు కొనే తిండి ధర న్యాయంగా ఉండాలి, అడిగినవాడిని పోలీసు కొట్టకూడదు. ఆ రెండింటికీ స్వతంత్ర భారతం ఇంకా పూర్తిగా బదులు చెప్పలేదు. గిట్టుబాటు ధరకోసం రోడ్డెక్కిన రైతుల మీద లాఠీలు లేస్తున్నాయి. పోలీసు కస్టడీలో మరణాలు నేటికీ వార్తలలో కనిపిస్తున్నాయి. ఆనాటి ఊరేగింపు ముండేరాకు చేరలేదు. పలకమీద పేరు మారినంత మాత్రాన ఆ మిగిలిన దారి నడిచినట్టు కాదు.